భిలాయి చెంత ఒక సోదర భాష: గోండుల పలుకు, మావోరీల అనుభవం

భిలాయి ఉక్కునగరాన్ని 'చిన్న భారతదేశం' అని పేర్కొనడం పరిపాటి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇచ్చట ఉక్కు కర్మాగారం నిర్మాణమైనది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ దాని మొదటి కొలిమిని ప్రారంభించారు. ఆనాటి నుండి వివిధ రాష్ట్రాలవారు ఉద్యోగ నిమిత్తం వచ్చి ఇచ్చట స్థిరపడ్డారు. వారిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. ఒకే వీధిలో పంజాబీ, మలయాళం, బెంగాలీ, తెలుగు వినిపించడం ఈ నగరానికి సహజ లక్షణం.

భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలు దేశం నలుమూలలా పరచుకొని ఉన్నవి. వాటికి మూలమైన ఇనుప ఖనిజం భిలాయికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరాన గల దల్లీ-రాజహరా కొండల నుండి వస్తున్నది. ఆ కొండలు, వాటికి దక్షిణంగా కాంకేర్, బస్తరు వరకు వ్యాపించిన అడవులు అనాదిగా గోండులు, హల్బాలు మున్నగు గిరిజనుల నివాస భూములు. భిలాయిలోని తెలుగు కుటుంబాలలో చాలామందికి తెలియని విశేషం ఒకటి కలదు. ఆ అడవులలోని గోండుల మాతృభాష తెలుగుకు పరాయిది కాదు. అది తెలుగుకు తోబుట్టువు. ఆ తోబుట్టువు నేడు క్లిష్ట పరిస్థితిలో ఉన్నది. ఇట్టి పరిస్థితినే ఎదుర్కొని, తమ భాషను కొంతవరకు నిలబెట్టుకొన్న జాతి భూగోళానికి ఆవలి వైపున మరొకటి ఉన్నది. వారే న్యూజిలాండులోని మావోరీలు. ఈ రెండు జాతుల అనుభవాలను పక్కపక్కన ఉంచి చూచినచో, భాష ఎట్లు క్షీణిస్తుందో, ఎట్లు తిరిగి చిగురిస్తుందో స్పష్టమవుతుంది.

తెలుగుకు తోబుట్టువు

గోండీ ద్రావిడ భాష అన్న సంగతిని రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ప్రచురించిన తన వ్యాకరణ గ్రంథంలోనే గుర్తించాడు. తరువాతి కాలంలో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి మున్నగు భాషా శాస్త్రవేత్తలు మరింత లోతుగా పరిశోధించి తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలను ఒకే ఉపకుటుంబంగా నిర్ధారించారు. దానిని దక్షిణ-మధ్య ద్రావిడ శాఖ అంటారు. అనగా చరిత్ర దృష్ట్యా తెలుగుకు తమిళ, కన్నడాల కన్న గోండీయే దగ్గరి చుట్టము.

ఈ చుట్టరికం పండితులకు మాత్రమే తెలిసే విషయం కాదు. గోండులు తలను 'తల్లా' అనీ, కంటిని 'కన్' అనీ, కాలిని 'కాల్' అనీ, పంటిని 'పల్' అనీ, పాలను 'పాల్' అనీ, చేపను 'మీన్' అనీ వ్యవహరిస్తారు. వారి భాషలో 'ఏర్' అనగా నీరు. తెలుగులో అదే పదం ప్రవహించే 'ఏరు' అయినది. తెలుగులో 'మెట్ట' ఎత్తయిన నేల కాగా, గోండీలో ఆ పదమే కొండను సూచిస్తుంది. ప్రాంతాన్ని బట్టి ఉచ్చారణలో కొంత భేదం ఉన్నప్పటికీ ఈ పోలిక చెదరదు.

కొన్ని పదాలలో తెలుగు విడిచిన పాత ధ్వనులను గోండీ భద్రపరచినది. మనకు 'చేయి', 'చెవి' అయినవి గోండీలో 'కై', 'కెవి'. పూర్వం ఈ పదాల మొదట ఉన్న కకారం తెలుగులో కాలక్రమాన చకారంగా మారినది, గోండీలో మారలేదు. అంకెల విషయమూ అంతే. గోండులు 'రండ్', 'మూండ్', 'నాలుంగ్', 'సైయుంగ్', 'సారుంగ్', 'ఏరుంగ్' అని లెక్కిస్తారు. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు అని గుర్తించడం తెలుగువారికి కష్టం కాదు. 'సైయుంగ్', 'సారుంగ్' పదాల మొదట ఉన్న సకారం ప్రాచీన ద్రావిడ ధ్వనికి గుర్తు. తెలుగులో అది పూర్తిగా లోపించినది. కావున గోండీ క్షీణించిన పక్షంలో, తెలుగు తన బాల్యానికి సంబంధించిన సాక్ష్యాన్ని కోల్పోతుంది.

గోండుల జీవన వ్యవస్థ

'గోండు' అన్నది ఇతరులు పెట్టిన పేరు. వారు తమను 'కోయితోర్' అని చెప్పుకొంటారు. తెలుగు నేలపై గోదావరి తీరాన నివసించే కోయలు కూడ ఈ పెద్ద కుటుంబంలోని వారే. మేడారంలో సమ్మక్క సారలమ్మలను కొలిచే కోయల పేరులోను, బస్తరు గోండుల స్వీయ నామంలోను గల సామ్యం కాకతాళీయం కాదు. బస్తరుకు తెలుగు దేశంతో రాజకీయ సంబంధం కూడ ఉన్నది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరుకు తరలి వెళ్ళి రాజ్యం స్థాపించినట్లు ఆ రాజవంశ సంప్రదాయం చెబుతున్నది. మధ్య భారతంలో గోండులు స్వయంగా రాజ్యాలను ఏలిన వారు. మొగలు సేనలను ఎదిరించి 1564లో ప్రాణాలర్పించిన రాణీ దుర్గావతి గఢా గోండు రాజ్యాన్ని పాలించిన వీరనారి.

గోండుల సమాజానికి వంశ విభజన వెన్నెముక వంటిది. ఆదిలాబాదు రాజగోండులలో నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు మూలపురుషుల సంతతులుగా నాలుగు 'సగ'లు ఉన్నవి. ఒకే సగకు చెందినవారు పరస్పరం సోదరులుగా భావించబడతారు. వారి మధ్య వివాహం నిషిద్ధం. ఈ కట్టుబాట్లను ఏర్పరచినవాడు లింగో అని వారి విశ్వాసం. గుహలో బంధింపబడిన తమ పూర్వులను విడిపించి, వారికి కులధర్మాన్ని బోధించిన మహనీయునిగా ఆయనను కీర్తిస్తారు. మహారాష్ట్రలోని గోందియా జిల్లాలో గల కచార్‌గఢ్ గుహను ఆ స్థలంగా ఎంచి, మాఘ పూర్ణిమ నాడు అక్కడికి వేలాదిగా యాత్రకు తరలి వస్తారు. ఆ గుహకు చేరువలో గల దరేకసా రైల్వే స్టేషను దుర్గు నుండి నాగపురం పోయే మార్గంలోనే ఉన్నది. ఆ మార్గాన రైలులో ప్రయాణించే భిలాయివాసులు దాని ముందు నుండే సాగిపోతుంటారు.

ఈ వంశగాథలు పూర్వం గ్రంథస్థం కాలేదు. 'పర్ధాన్' అనబడే గాయకులు 'కింగ్రీ' అనే తంత్రీవాద్యం వాయిస్తూ వాటిని పాడుతారు. ఏ వంశం ఎచటి నుండి వచ్చినదో, ఏ దేవతను ఎట్లు కొలవవలెనో ఆ పాటలలోనే నిక్షిప్తమై ఉన్నది. బస్తరులోని మురియా గోండులలో 'ఘోటుల్' అనే యువజన గృహం ఉండేది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు ఆటపాటలు, పనిపాటలు, సామాజిక మర్యాదలు నేర్పే స్థలమది. వెరియర్ ఎల్విన్ 1947లో దీనిపై బృహద్గ్రంథం వెలువరించాడు. గాయకుని పాట, ఘోటుల్‌లోని ఆట, ఇంటిలోని మాట, ఈ మూడూ గోండీలోనే సాగినంత కాలం ఆ భాషకు వేరే రక్షణ అవసరం లేకపోయినది.

లెక్కలు చెప్పే సత్యం

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండుల సంఖ్య కోటి ముప్పది లక్షలకు పైబడినది. అదే సంవత్సరం గోండీని మాతృభాషగా నమోదు చేసుకొన్నవారు 29 లక్షల 84 వేల మంది. అనగా నలుగురు గోండులలో ఒక్కరికి మించి తమ భాషను చెప్పుకొనలేదు. 2001లో ఈ భాషీయులు 27 లక్షల పైచిలుకు. పదేళ్ళలో సంఖ్య కొంత పెరిగినది గాని, జాతి జనాభా పెరిగిన నిష్పత్తిలో పెరగలేదు.

భిలాయి పరిసరాలలో ఈ పరిణామం స్పష్టంగా గోచరిస్తుంది. దుర్గు మైదానంలోని గోండులు ఏనాడో ఛత్తీస్‌గఢీని తమ భాషగా స్వీకరించారు. దక్షిణానికి పోయిన కొద్దీ, కాంకేర్, నారాయణపూర్ అడవులలో గోండీ నేటికీ వినిపిస్తుంది. బస్తరు సంస్థానంలో సంతలకు, కచేరీకి వాడుక భాషగా హల్బీ పెంపొందినది. అంగడికి ఒక భాష, బడికి మరొక భాష, కర్మాగారానికి ఇంకొక భాష అవసరమైనప్పుడు, ఇంటి భాష తనంత తానుగా వెనుకకు జరుగుతుంది. తల్లిదండ్రులు పిల్లల మేలుకోరియే వారితో బడి భాషలో మాట్లాడనారంభిస్తారు. భాషా క్షీణతకు ఎల్లప్పుడూ ద్వేషమే కారణం కానక్కరలేదు. ఆశ కూడ కారణం కావచ్చును.

భాష మారినంత మాత్రాన కళ నశించదన్నదీ నిజమే. భిలాయికి సమీపంలోని గనియారీ గ్రామంలో పార్ధీ గిరిజన కుటుంబంలో జన్మించిన తీజన్ బాయి ఛత్తీస్‌గఢీలో 'పండవానీ' గానం చేసి మహాభారత కథను దేశదేశాల్లో వినిపించారు. మన బుర్రకథను తలపించే ఈ కళారూపానికి ఆమె తెచ్చిన గౌరవానికి గుర్తింపుగా 2019లో పద్మవిభూషణ్ పురస్కారం లభించినది. భిలాయి ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగమిచ్చి ఆదరించినది. అయితే గోండీలో మాత్రమే ఉన్న వంశగాథలకు, దేవతా స్తోత్రాలకు ఆ భాష పోయిన తరువాత వేరొక ఆశ్రయం దొరకదు. వినేవారికి అర్థం కానినాడు పర్ధాన్ పాట మూగవోతుంది.

మావోరీల అనుభవం

క్రీస్తుశకం 13వ శతాబ్దంలో తూర్పు పోలినీషియా దీవుల నుండి పెద్ద పడవలపై పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి వచ్చి న్యూజిలాండులో స్థిరపడినవారు మావోరీలు. ఆ దేశాన్ని వారు 'ఆవొతియారోవా' అని పిలుస్తారు. తమ పూర్వులు ఏ పడవపై వచ్చినదీ, తమ కొండ ఏది, తమ నది ఏది అన్నది చెప్పి తమను పరిచయం చేసుకోవడం వారి మర్యాద. వంశావళిని కంఠస్థంగా చెప్పగలవారికి గౌరవం ఎక్కువ. గోండులు సగ చెప్పుకొన్నట్లే వారు తెగను చెప్పుకొంటారు. చెక్కడపు పనులతో శోభిల్లే వారి సభాగృహంలోని స్తంభాలు పూర్వీకుల రూపాలే. అతిథిని నుదురు, ముక్కు తాకించి ఆహ్వానిస్తారు. అడుగుల తాటింపుతో, గంభీర స్వరంతో చేసే 'హాకా' నృత్యం రగ్బీ క్రీడ ద్వారా ప్రపంచమంతటా పరిచితమైనది.

భాషల చుట్టరికానికి వారి చరిత్రలో చక్కని ఉదాహరణ ఉన్నది. 1769లో కెప్టెన్ కుక్ నౌక న్యూజిలాండు చేరినప్పుడు అందులో రాయియాతేయా దీవికి చెందిన తుపాయియా అనే విద్వాంసుడు ఉన్నాడు. ఆయన ఆ దేశాన్ని అంతకు ముందెన్నడూ చూడలేదు. అయినా ఆయన పలుకు మావోరీలకు, వారి పలుకు ఆయనకు అర్థమైనది. శతాబ్దాల పాటు వేరుపడినా సోదర భాషలు ఒకదానినొకటి గుర్తించినవి.

1840 ఫిబ్రవరి 6న వైతంగీలో బ్రిటిష్ ప్రభుత్వానికి, మావోరీ నాయకులకు మధ్య ఒడంబడిక జరిగినది. ఆ సంవత్సరం ఐదు వందలకు పైగా నాయకులు దానిపై సంతకాలు చేశారు. ఆంగ్ల ప్రతిలో సార్వభౌమాధికారం బ్రిటిష్ రాణికి దత్తమైనట్లుండగా, మావోరీ ప్రతిలో పరిపాలనాధికారం అనే అర్థం గల పదం మాత్రమే ఉన్నది. ఒక్క మాట అనువాదంలో వచ్చిన ఈ భేదం తరతరాల వివాదానికి మూలమైనది. యుద్ధాలు, భూముల అన్యాక్రాంతం, వ్యాధుల ఫలితంగా 1896 నాటికి మావోరీల జనాభా 42 వేలకు పడిపోయినది.

1867 నాటి చట్టం మావోరీ గ్రామాలలో ఆంగ్ల బోధన గల పాఠశాలలను నెలకొల్పినది. బడిలో మాతృభాష పలికిన బాలలను దండించడం కూడ జరుగుతుండేది. అయినా ఇంటిలో భాష నిలిచినది. 1913లో మావోరీ విద్యార్థులలో నూటికి 90 మంది తమ భాషను మాట్లాడగలిగేవారు. అసలు దెబ్బ తరువాత తగిలినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఉపాధి కొరకు మావోరీలు పల్లెలు విడిచి కర్మాగారాలున్న నగరాలకు తరలి వెళ్ళారు. ఆ పొరుగిళ్ళలో ఆంగ్లమే వినిపించేది. 1953లో భాష తెలిసిన విద్యార్థులు నూటికి 26 మంది. 1975 నాటికి అయిదుగురు. బడి చేయలేనిది వలస చేసినది.

పిట్టగూడు వంటి బడి

1972 సెప్టెంబరు 14న మావోరీ యువకులు, విద్యార్థులు ముప్పది వేలకు పైగా సంతకాలతో తమ భాషను పాఠశాలల్లో బోధించవలసిందిగా పార్లమెంటుకు వినతిపత్రం సమర్పించారు. పది సంవత్సరాల తరువాత, 1982లో, వారే ఒక సులభమైన మార్గాన్ని కనుగొన్నారు. భాష తెలిసినవారు వృద్ధులు. భాష అవసరమైనవారు శిశువులు. ఈ ఇరువురినీ ఒకచోట చేర్చిన శిశు విద్యాలయమే 'కోహంగా రేవో'. ఆ మాటకు భాషా గూడు అని అర్థం. అక్కడ బడి ఈడు రాని పిల్లలు అవ్వల ఒడిలో, పాటలలో, భోజన సమయంలో మావోరీ మాత్రమే వింటారు. పాఠ్యపుస్తకం కన్న ముందు మాటను ఇచ్చే పద్ధతి ఇది. 1994 నాటికి ఇట్టి గూళ్ళు 800 ఏర్పడి 14 వేల మంది శిశువులకు ఆశ్రయమిచ్చినవి. వాటి నుండి వెలువడిన బాలల కొరకు 1985 నుండి మావోరీ మాధ్యమ పాఠశాలలు ప్రారంభమైనవి.

ఇదే కాలంలో, వైతంగీ ఒడంబడిక కాపాడవలసిన అమూల్య సంపదలలో భాష కూడ ఒకటని విచారణ సంఘం ఎదుట వాదించి మావోరీలు విజయం సాధించారు. 1987లో మావోరీ భాష ఆ దేశపు అధికార భాషలలో ఒకటిగా శాసనబద్ధమైనది. 2004లో ప్రత్యేక దూరదర్శన కేంద్రం వెలసినది. 2022 నుండి వారి నూతన సంవత్సర పర్వదినమైన 'మతారికి' జాతీయ సెలవుదినమైనది.

ఈ విజయం సంపూర్ణమైనది కాదు. 1990వ దశకం మధ్య తరువాత భాషా గూళ్ళ సంఖ్య తగ్గినది. 2023 జనాభా లెక్కల ప్రకారం మావోరీల సంఖ్య 8 లక్షల 87 వేలు కాగా, ఆ భాషను మాట్లాడగలవారు, ఇతర జాతులవారితో కలిపి, 2 లక్షల 13 వేలు. ఇక్కడా నిష్పత్తి ఇంచుమించు నాల్గవ వంతే. గోండీ లెక్కకు, ఈ లెక్కకు పోలిక ఉన్నట్లు కనబడుతుంది. కాని ఒక ప్రధాన భేదం ఉన్నది. మావోరీ భాష దాదాపు అడుగంటిన స్థితి నుండి తిరిగి పైకి ఎక్కుతున్నది. గోండీ ఆ మెట్లనే దిగుతున్నది.

గోండీకి జరిగిన ప్రయత్నాలు

గోండీ విషయంలో ప్రయత్నాలు లేకపోలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తరువాత, ఆదిలాబాదు గిరిజనుల పరిస్థితిని అధ్యయనం చేయుటకు నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను నియమించినది. ఆ దశకంలోనే మార్లవాయి గ్రామం కేంద్రంగా గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఆరంభమై, గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో వెలువడినవి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయాలు కల్పించవలెనని రాజ్యాంగం 350ఎ అధికరణంలో నిర్దేశిస్తున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో గోండీ, కోయ, కువి, సవర మున్నగు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనా కార్యక్రమాన్ని తెలుగు లిపిలో ప్రారంభించినది.

లిపి విషయంలోనూ కృషి జరిగినది. బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో గోండీకి ఒక లిపిని రూపొందించాడు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో మరొక లిపిలో వ్రాసిన ప్రాచీన ప్రతులు లభించగా, ఆచార్య జయధీర్ తిరుమలరావు మున్నగువారు వాటిని వెలుగులోకి తెచ్చారు. ఈ రెండు లిపులూ 2017, 2018 సంవత్సరాలలో కంప్యూటర్ల అంతర్జాతీయ అక్షర ప్రమాణంలో స్థానం పొందినవి.

అయినా చిక్కు ఎక్కడున్నది? మావోరీలకు ఒకే దేశం, ఒకే ప్రభుత్వం, ఒకే లిపి. గోండులు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఒడిశా మున్నగు రాష్ట్రాల సరిహద్దుల మీద చెదరి ఉన్నారు. ఒకచోట గోండు బాలుడు హిందీ బడికి, మరొకచోట మరాఠీ బడికి, ఇంకొకచోట తెలుగు బడికి పోవుచున్నాడు. ఒక ప్రాంతంలో అచ్చయిన వాచకం మరొక ప్రాంతంవారికి అక్కరకు రాదు. మాండలికాల భేదం దీనికి తోడు. 2003 నాటి రాజ్యాంగ సవరణతో సంతాలీ, బోడో భాషలు ఎనిమిదవ షెడ్యూలులో చేరినవి. వాటి కంటె గోండీ భాషీయుల సమస్య క్లిష్టమైనది కావడానికి ఈ చెదురుబాటే ముఖ్య కారణం. అది ఏ ఒక్క రాష్ట్రపు బాధ్యతగానూ గుర్తింపబడలేదు.

ఇరుగుపొరుగుల కర్తవ్యం

మావోరీల అనుభవం బోధించేది ఇదే. శాసనం భాషకు గౌరవాన్ని ఇవ్వగలదు. లిపి దానికి రూపాన్ని ఇవ్వగలదు. ప్రాణాన్ని ఇచ్చేది మాత్రం అవ్వ నోట మాట, దానిని అందుకొనే శిశువు నాలుక. గోండీకి మావోరీ కన్న గొప్ప అనుకూలత ఒకటి నేటికీ ఉన్నది. దానిని పుట్టుకతో మాట్లాడే అవ్వలు, అమ్మలు లక్షల సంఖ్యలో ఉన్నారు. మావోరీలు 1982లో వృద్ధులను వెదకి పిలువవలసి వచ్చినది; గోండు గ్రామాలలోని అంగన్‌వాడీల గడప దాటితే చాలు, వారు కనబడతారు. ఈ తరం గడచిన తరువాత ఆ అనుకూలత ఉండదు.

ఈ విషయంలో ఉక్కునగరవాసులకు పాత్ర లేదనలేము. దూరప్రాంతానికి వచ్చి, ఇంటిలో తెలుగు పలుకుతూ, పండుగలు జరుపుకొంటూ తమ భాషను పిల్లలకు అందించుటకు ఎంత పట్టుదల అవసరమో భిలాయిలోని తెలుగు తల్లికి విదితమే. ఆమెకు తన సొంత రాష్ట్రాల అండ ఉన్నది. పుస్తకాలు, పత్రికలు, సినిమాలు ఉన్నవి. అట్టి అండ ఏదీ లేని గోండు తల్లి కష్టాన్ని ఆమె కన్న బాగుగా గ్రహించగలవారు అరుదు. దల్లీ-రాజహరా నుండి వచ్చిన గోండు సహోద్యోగిని 'మీ భాషలో చేతిని ఏమంటారు?' అని అడిగి, 'కై' అన్న సమాధానం విన్ననాడు, తాను వినుచున్నది అడవి భాష కాదనీ, తన చేయికి పాత పేరనీ ఆ తెలుగు ఉద్యోగి గుర్తించగలడు.

జాతీయ సమైక్యత అనగా అందరూ ఒకే భాష మాట్లాడుట కాదు. పొరుగువాని భాష నిలిచినందువలన తనకు ఒరిగేది ఏమిటో గ్రహించుట కూడ అందులో భాగమే. దల్లీ-రాజహరా కొండలు భిలాయికి ఖనిజాన్ని ఇచ్చినవి. ఆ కొండల భాషకు బడిలో ఒక గది, అంగన్‌వాడీలో ఒక అవ్వ, పొరుగువారి నోట ఒక ఆదరపు మాట లభించవలసి ఉన్నది. దానికి అయ్యే వ్యయం స్వల్పము. చేయక జాగు చేసినచో కలిగే నష్టం పూడ్చరానిది.